బతికుంటే వస్తాడు

ఇఫ్ అనే రెండక్షరాల మాట రూతు ప్రాణం తోడేసేది.

తిరుపతి బస్టాండుకు దగ్గర్లో, సెల్‌ఫోన్ల షాపు పైన ఉన్న స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో ఆమె చాలా ఏళ్లుగా గ్రామరు చెబుతోంది. ప్రిపోజిషన్ల దగ్గర ఆమెకు కోపం రాదు. ఆర్టికల్స్ దగ్గర కొద్దిగా విసుక్కుంటుంది. ఇఫ్ పాఠం ఉన్న రోజు మాత్రం ఇంటి దగ్గరే తలనొప్పి మాత్ర మింగి బయల్దేరుతుంది.

ఆ పొద్దూ అంతే. "జరగొచ్చు అనుకునేదానికి ప్రెజెంటు, పక్కన విల్. జరగదని తెలిసీ ఊరికే అనుకునేదానికి పాస్టు, పక్కన వుడ్" అని బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి మునీంద్ర నిలబడే ఉన్నాడు. డిగ్రీ రెండుసార్లు తప్పినా ప్రశ్నలు వేయడంలో ఎన్నడూ తప్పనివాడు.

"ఇఫ్ ఐ వర్ యాన్ ఎమ్మెల్యే అని రాసినారు మేడం. నేనొక్కడినే కదా, వాజ్ కదా ఉండాల? వర్ అంటే నలుగురికి కదా?"

"ఊహల్లో ఒక్కడికైనా వరే."

"అసలు జరగనే జరగందానికి పాస్టేంది మేడం? జరిగిపోయిందానికి కదా పాస్టు?"

"ఎమ్మెల్యే అయ్యుంటే రోడ్డు వేయించేవాణ్ణి అంటావా, అనవా? వేయించేవాణ్ణి అనేది పాస్టు కాదా మరి? మనమూ వెనక్కే పోతా ఉన్నాము కదా! ఇంగ్లీషోణ్ణి ఒక్కణ్ణే తిడితే ఎట్లా?"

మునీంద్ర ఒప్పుకున్నట్టు తలూపి, ఒప్పుకోనట్టు కూర్చున్నాడు. రూతు పెదాలు బిగించి, "ఒక్కొక్కరూ సొంతంగా ఒక వాక్యం చెప్పండి" అంది. మునీంద్ర ఎమ్మెల్యేనైతే రోడ్డు వేయిస్తానన్నాడు. ఒకరు పక్షినైతే ఎగురుతానన్నారు. ఇంకొకరు రాణినైతే నిద్రపోతానన్నారు. అందరిదీ ప్రెజెంటూ విల్లే. అందరినీ దిద్దుకుంటూ వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

అప్పుడు లేచింది కోమలి. నగరి నుంచి రైల్లో వచ్చిపోయే అమ్మాయి. హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం కోసం నేర్చుకుంటోంది. ఆ క్లాసులో రూతు అరవాల్సిన పని లేని మనిషి ఆమె ఒక్కతే.

"ఇఫ్ మై ఫాదర్ ఈజ్ అలైవ్, హీ విల్ కమ్" అంది కోమలి.

రూతుకు జాలేసింది. తండ్రి లేని పిల్ల అనుకుని మెత్తగా, "వర్ అలైవ్, వుడ్ కమ్. మళ్లీ చెప్పమ్మా" అంది.

"ఈజ్ అలైవ్, విల్ కమ్."

"వర్. వుడ్."

"ఈజ్. విల్."

రూతు చేతిలోని మార్కర్‌ను టేబులు మీద కొట్టింది. "నీక్కూడా ఏమొచ్చింది కోమలీ? ఇందాకటి నుంచి గొంతు చించుకుంటా ఉండానే, చెవిన పడలేదా? లేని మనిషి గురించి చెప్పేటప్పుడు వర్ రావాల!"

"లేడని మీకు ఎవురు చెప్పినారు మేడం?"

అందరూ కోమలి వైపు తిరిగారు.

"మా నాయన తిరుప్పూరుకు పనికి పోయినాడు" అంది కోమలి. "మగ్గాలు ఆగిపోయినంక పోయినాడు. మొదట్లో ఫోన్ చేస్తా ఉన్నాడు. ఆనెక చేయలా. పని చేసిన కాడికి పోయి అడిగితే, చెప్పకుండా యాడికో ఎళ్లిపోయినాడని అన్నారు. చచ్చిపోయినాడని మాత్రం ఎవురూ చెప్పలా. మాయమ్మ ఈ రోజుకీ బతికుంటే వస్తాడు అంటాది. మా పెద్దమ్మ బతికుంటే వచ్చేవాడు అంటాది. కర్మ చేసేసి బొట్టు తీసేయమని చెప్పను వస్తే మాయమ్మ చీపురెత్తుకునింది. ఆ ఒక్క మాట కాడ అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు మేడం. ఇప్పుడు మీరు నన్ను పెద్దమ్మ మాదిరి చెప్పమంటా ఉండారు."

రూతు మార్కర్ కింద పెట్టింది. "కూర్చోమ్మా. నువ్వు చెప్పింది కరెక్టే. ఈజ్, విల్" అంది.

"అట్లయితే నాదీ కరెక్టే కదా మేడం?" మునీంద్ర మళ్లీ లేచాడు. "నేను ఎమ్మెల్యే కానని మాత్రం ఎవురు చెప్పినారు?"

పక్షి లేచింది, రాణి లేచింది. పొద్దుటి నుంచి ఆమె దిద్దిందంతా మొదటికొచ్చింది. గోలకు సెంటరు నడిపే దయానంద్ మెట్లెక్కి వచ్చి, ఏమైంది మేడం అని అడిగాడు. రూతు బోర్డు తుడిచేసింది.

వారం తిరక్కుండానే పరీక్ష పెట్టారు. పేపరు దయానంద్ గైడులోంచి దించాడు. ఇఫ్ మై ఫాదర్ అని, ఒక ఖాళీ, అలైవ్ అని, ఇంకొక ఖాళీ. ఇన్ని వాక్యాలుండగా ఈ మహానుభావుడికి ఇదే దొరకాలా అని రూతు పళ్లు కొరుక్కుంది. కోమలి ఈజ్, విల్ అనే రాసింది. రూతు మార్కు వేసింది. దయానంద్ దాన్ని కొట్టేశాడు.

"కీలో వర్ అనుంది మేడం."

"ఆ పిల్ల నాయన ఉండాడో లేడో మీ కీకి ఏం తెలుసు సార్?"

"ఇంటర్వ్యూలో వాళ్లు నాయన కథ వింటారా మేడం? తప్పు చెప్తే పంపించేస్తారు, అంతే."

అదీ నిజమే. ఆ నిజానికే ఆమెకు ఒళ్లు మండింది. కోమలిని పక్కకు పిలిచి, "నాకోసం కాదు, ఇంటర్వ్యూ కోసమన్నా వర్ అలవాటు చేసుకో తల్లీ" అని బతిమాలింది. కోమలి సరే అనలేదు, కాదనలేదు. రైలుకు టైమవుతుందని వెళ్లిపోయింది. మొండిది, చేతికందే ఉద్యోగాన్ని కాలదన్నుకుంటుంది అని రూతు ఇంటికి పోయేదాకా గొణుక్కుంటూనే ఉంది.

హోటల్లో ఇంటర్వ్యూ ఉన్న రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఉద్యోగం వచ్చింది మేడం" అంది కోమలి.

"ఏమడిగినారు?"

"నువ్వే మేనేజర్‌వైతే ఏం మారుస్తావు అని ఇంగ్లీషులో అడిగినారు. ఇఫ్ ఐ వర్ ద మేనేజర్, ఐ వుడ్ గివ్ చైర్స్ టు ద రిసెప్షన్ గర్ల్స్ అని చెప్పినాను. ఆడ పొద్దస్తమానం నిలబడే ఉండారు మేడం పాపం. ఆయన నవ్వినాడు."

రూతు కుర్చీలో వెనక్కి వాలింది. వర్, వుడ్. ఒక్క అక్షరం తప్పు లేదు.

"ఇంత బాగా వచ్చినదానివి నన్నెందుకే అట్లా చంపుకు తిన్నావు?"

"నేను మేనేజర్ని కానని నాకు తెలుసు కదా మేడం" అంది కోమలి.

రూతుకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మీ అమ్మకు చెప్పినావా అని అడిగింది. ఇంకా లేదని, రైలెక్కినాక చేస్తానని కోమలి చెప్పింది. "ముందు ఆమెకు చేయి పో" అని కసిరి ఫోన్ పెట్టేసి, కొత్త బ్యాచ్ కూర్చున్న గదిలోకి నడిచింది.