ముట్టిందా, కుట్టిందా

బహ్రెయిన్‌లో అరాద్ దగ్గర సముద్రం వెనక్కి తగ్గితే ఒడ్డంతా బురద, రాళ్లు, వాటి సందుల్లో ఎవరెవరో వదిలేసిన వలల ముక్కలు. వాటిని లాగి బండికెత్తడం పరశురాం పని. విమానాశ్రయం పక్కనే కాబట్టి నెత్తిమీద నుంచి విమానాలు పోతూనే ఉంటాయి. వచ్చిన కొత్తలో చప్పుడైన ప్రతిసారీ తలెత్తి చూసేవాడు. తర్వాత మానేశాడు. ఈ వారం మళ్లీ మొదలుపెట్టాడు, ఎందుకంటే శుక్రవారం పోయే విమానంలో అతనూ ఉంటాడు.

అతనిది జగిత్యాల దగ్గర ఊరు. ఊళ్లో అందరూ అతను దుబాయిలో ఉన్నాడంటారు. బహ్రెయిన్ అని చెప్పి చెప్పి విసిగిపోయి, సరే దుబాయే అనుకోండన్నాడు. పోయినసారి వెళ్లినప్పుడు కూతురు గోడ పట్టుకొని నడుస్తోంది. ఇప్పుడు బడికి పోతోంది, ఫోనులో నాయనకు ఎక్కాలు అప్పజెబుతోంది. మధ్యలో ఒకసారి సెలవు చేతిదాకా వచ్చి, కంపెనీవాళ్లు పని తొందరని ఆపేశారు. ఆ రోజు నుంచి ఈ శుక్రవారం కోసమే బతుకుతున్నాడంటే అబద్ధం కాదు.

అతని భార్య మల్లిక. ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు. ఆ మాటకొస్తే వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లెవరూ మొగుడి పేరు ఎత్తరు గానీ, మల్లికది మరీ చాదస్తం. గుడిలో పంతులు పరశురాముడి కథ చెబితే ఇంటికొచ్చి "గొడ్డలి దేవుని కథ చెప్పిండు" అంటుంది. పెళ్లినాడు మాత్రం ఒక్కసారి చెప్పక తప్పలేదు. ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి పోనిస్తానంది. సరిగ్గా అప్పుడే డప్పులవాళ్లు దరువెత్తుకున్నారు. ముందున్న ఆడబిడ్డకు వినిపించింది. పక్కనే కొంగుముడితో నిలబడ్డ పెళ్లికొడుక్కి వినిపించలేదు. ఆ వెలితి అతనికి ఇప్పటికీ ఉంది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. సముద్రానికి ఇవతల పరాయి గదిలో పడుకునే మనిషికి ఏది పెద్ద విషయమో, ఏది చిన్నదో మనం చెప్పలేం.

మంగళవారం పొద్దున చలిగా ఉంది. రాళ్ల మధ్య చిక్కుకున్న వల ముద్దను పరశురాం రెండు చేతులా లాగుతున్నాడు. గ్లౌజు వేలు దగ్గర చిరిగి ఉంది. వలలో ఏదో కదిలింది. చేపేమో అనుకునేలోపు వేలికి ఏదో తగిలింది. ముల్లు గుచ్చుకున్నంత నొప్పి కూడా లేదు. వల వదిలేసరికి అది మెలికలు తిరుగుతూ నీళ్లలోకి జారిపోయింది. దాని తోక తెడ్డులా బల్లపరుపుగా ఉండడం అతను చూశాడు. వేలిమీద రెండు చుక్కల నెత్తురు.

చూశాడు, తెలిసింది. అయినా కబీర్ భాయ్ దగ్గరికి పోయి, "భాయ్, కీడా కాటా" అన్నాడు.

కీడా అంటే పురుగు. వాళ్ల ఊళ్లో దాని అసలు పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే పిలిచినట్టే, వచ్చి ముందర నిలబడుతుందంటారు. పాము కరిచిందని ఎవరూ అనరు, పురుగు ముట్టిందంటారు. ఆ అలవాటే హిందీలోకి దిగి కీడా అయింది. కానీ అంతా అలవాటేనా అంటే కాదు. పాము అంటే ఆసుపత్రి అంటారు, ఆసుపత్రి అంటే మంచం అంటారు, శుక్రవారం గాలికి పోతుంది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టు, ఆ చిన్న మాట అతనికి భలే అక్కరకొచ్చింది.

కబీర్ చిట్టగాంగ్ మనిషి, వాళ్ల ఫోర్‌మన్. మంచివాడే. అతనికి కీడా అంటే కీడాయే. డబ్బా తెరిచి ఇంత తెల్ల మందు రాసి, "ఖలాస్. యల్లా", అయిపోయింది, ఇక పద అని పనిలోకి పంపాడు.

అయినా పరశురాంకు లోపల పీకుతూనే ఉంది. రోడ్డు వారన వేపచెట్టు ఉంది. ఊళ్లో పురుగు ముట్టిన మనిషి చేత వేపాకు నమిలిస్తారు. చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టు, తెలిస్తే భయం లేనట్టు. గుప్పెడు ఆకు తుంచి నమిలాడు. చేదుకు మొహం వంకర్లు పోతుంటే లోపల పండగ చేసుకున్నాడు. ఇంకేం, ఏమీ కాలేదు, శుక్రవారం శుక్రవారమే.

టీ వేళకు తొడలు లాగడం మొదలైంది. మెడ పట్టేసింది. పొద్దున్నుంచి వలలు లాగితే ఒళ్లు నొప్పులు రావా అనుకొని, బండి వెనక నీడలో కూర్చున్నాడు. ఆ వేళకు మల్లిక రోజూ ఫోన్ చేస్తుంది. చేసింది.

"బ్యాగు సదురుకున్నవా?"

"సదురుకున్న. బిడ్డకు బూట్లు గూడ వెట్టిన."

"గొంతేంది, గట్ల ముద్దముద్ద వస్తున్నది?"

"ఏం లేదే. దవడలు జర పట్టేసినయి. పొద్దుగాల పురుగు ముట్టింది, ఆ మందుకేమో."

ఆమె బ్యాగు సంగతి, గొంతు సంగతి వదిలేసింది.

"ముట్టిందా, కుట్టిందా?" అంది మల్లిక.

ఒక్క అక్షరం తేడా. కుట్టేవి చీమ, తేలు, కందిరీగ. ముట్టేది ఒక్కటే. పొద్దున కబీర్‌ దగ్గర పనిచేసిన మాట మల్లిక దగ్గర పనిచేయలేదు, ఎందుకంటే ఆ మాట ఆమెది కూడా.

"కుట్టింది" అన్నాడు.

"ముందుగాల ముట్టిందన్నవ్."

"నోరు జారిన. చీమ అసొంటిదే. యాపాకు గూడ నమిలిన, మస్తు చేదున్నది."

"చీమ కుడితే యాపాకు ఎవలు నములుతరు?"

దొంగ దొరికిపోయాడు. గొంతు తగ్గించి బతిమాలాడు.

"మల్లికా, శుక్రారం నేను రావాలె. దవాఖానకు పోతే పండవెడ్తరు. ఇంటికొచ్చినంక ఏడ చూపియ్యమంటే ఆడ చూపించుకుంట. ఎవ్వలకు చెప్పకు."

ఆమె టక్కున ఫోన్ పెట్టేసింది. అలిగిందనుకున్నాడు. అలిగితే అలిగింది, శుక్రవారం దాటితే అలక తీర్చొచ్చు.

కాసేపటికి బండి ముందు భాగంలో కబీర్ ఫోన్ మోగింది. చేతులు బురదగా ఉన్నాయేమో, స్పీకర్ నొక్కి "కౌన్?" అన్నాడు. ఒకప్పుడు పరశురాం ఫోన్ నీళ్లలో పడితే కబీర్ ఫోన్‌తోనే ఇంటికి మాట్లాడాడు. ఆ నంబరు మల్లిక దాచిపెట్టుకుందని అతనికి ఇప్పుడే తెలిసింది. ఆమెది అంగడిలో గాజుల సాయబుతో బేరమాడి నేర్చిన ఉర్దూ.

"భాయ్, కీడా నై. సాప్. సాప్ కాటా."

పాము అనగానే కబీర్ అదిరిపడ్డాడు. "సాప్? కిస్కో?"

"మేరే ఆద్మీకో" అంది, మా ఆయనకు అని.

"కౌన్ ఆద్మీ, బహన్? ఇధర్ బహుత్ ఆద్మీ హై. నామ్ బోలో."

ఇక్కడ చాలామంది మగాళ్లున్నారు, పేరు చెప్పమంటున్నాడు. పరశురాం బండి వెనకనుంచి చెవి ఒగ్గాడు. ఆమె చెప్పదని అతనికి తెలుసు. గొడ్డలి దేవుడని ఉర్దూలో ఎట్లా చెబుతుందో కూడా తెలియదు.

"పరశురాం" అంది మల్లిక. "పరశురాంకో సాప్ కాటా, భాయ్. పరశురాం."

ప్రాణం మీదికొచ్చిన మనిషికి అప్పుడు గుర్తుకు రావాల్సింది ప్రాణం. అతనికి మాత్రం డప్పులు లేవే అని తోచింది. తన పేరు ఆమె నోట్లో ఇట్లా ఉంటుందా అనుకున్నాడు. కబీర్ పరుగెత్తుకొచ్చి "సాప్ థా?" అని భుజాలు పట్టుకొని అడిగితే, ఇక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. తలూపాడు. మెడ సరిగా కదలలేదు.

కబీర్ ముందు తాడు కోసం వెతికాడు, మణికట్టు దగ్గర బిగించి కడదామని. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అవతలి మనిషి వద్దన్నాడు. బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, నడిపించొద్దు, చెయ్యి కదలకుండా పడుకోబెట్టండి, అంతే. కబీర్ తన గళ్ల తువ్వాలుతో ఆ చేతిని చెక్కముక్కకు వదులుగా చుట్టి, అంబులెన్సు వచ్చేదాకా పక్కనే కూర్చొని తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లలో ప్రేమ ఉందని పరశురాంకు తెలుస్తూనే ఉంది.

ఆసుపత్రిలో అతనికి విరుగుడు ఎక్కించారు. ఆ వార్డులో నర్సు రోజీ రాజమండ్రి వైపు అమ్మాయి. తెలుగు మాట వినబడగానే మంచం దగ్గరికి వచ్చింది.

"వేపాకు చేదుగా ఉందని ఊరుకున్నారా, అన్నయ్యా? చేదు నాలిక్కి తెలిసేది, విషం కండలకి పట్టేది. రెండిటికీ ఏం సంబంధం లేదండి. సముద్రపు పాము కాటుకి వాపూ ఉండదు, నొప్పీ ఉండదు. అందుకే జనం మోసపోతారు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి అందేది కాదు, మూత్రపిండాలు పోయేవి. ఫోన్ చేసినావిడ ఎవరో గానీ, ఆవిడకి దణ్ణం పెట్టుకోండి."

"మా ఇంటామె" అన్నాడు పరశురాం.

శుక్రవారం వచ్చింది. తొడలు మంచం మీంచి లేవనివ్వలేదు. కంపెనీ నుంచి కబురు కూడా వచ్చింది, సెలవు వరసలో ఉన్న ఇంకొకరికి పోయింది, అతనిది మళ్లీ చూద్దామన్నారు. చూద్దామంటే ఎప్పుడో అక్కడ పనిచేసే ఎవరికైనా తెలుసు. కిటికీలోంచి దూరంగా ఒక విమానం పైకి పోతూ కనిపించింది. అది తనదో కాదో తెలియదు, తనదే అనుకొని ఏడ్చాడు. పక్క మంచం మలయాళీ చూస్తున్నా దాచుకోలేదు.

సాయంత్రం మల్లిక ఫోన్ చేసింది. వెనకనుంచి కూతురు ఎక్కాలు వినిపిస్తున్నాయి, ఏడో ఎక్కం దగ్గర తడబడుతోంది.

"నామీద కోపమచ్చిందా?" అంది మల్లిక. "విమానం నేనే ఆపిన."

"రాలే."

"మరేంది మాట్లాడవు?"

"ఒక్కసారి మళ్ల అను."

"ఏమని?"

"కబీర్ భాయ్‌తోని అన్నవ్ గద. గది."

అవతల ఏడ్చిందో, నవ్విందో అతనికి తెలియలేదు. కూతురు ఎక్కం మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టింది.

"గదేం ఫోన్ల చెప్పేదా?" అంది చివరికి. "గడప కాడ చెప్తరు. ఈసారి డప్పులుండయి, నీ చెల్లె అడ్డం నిలవడకున్నా చెప్త. నువ్వు గడప కాడికి రా."