చెట్టు చూసే వైపు

సత్తెమ్మ పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లి, నాలుగు గీతల ముగ్గు పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని పెరట్లో కొబ్బరిచెట్టు కేసి చూస్తుంది. చెట్టు తల తూర్పుకి వాలి ఉంటే మొగుడి పడవ మడ అడవుల వైపు ఉన్నట్టు. దక్షిణానికి వాలితే ఓడలరేవు వైపు. మెల్లగా నిటారుగా లేచి మట్టలు దులుపుకుందంటే పడవ ఏట్లోకి వచ్చేసినట్టే. అప్పుడు పొయ్యి మీద ఎసరు పెడుతుంది.

మొగుడు అప్పలరాజు పుట్టినప్పుడు మావి పూడ్చిన చోట వాళ్ళమ్మ పాతిన చెట్టది. అతను ఎటెళితే అటే చూస్తుంది. ఐ.పోలవరానికి దిగువన ఏటి ఒడ్డునున్న ఆ పల్లెలో ఇదేమంత చెప్పుకునే సంగతి కాదు. చేపలకి ఐసు తెచ్చే ఆటో అతను కూడా ఆ చెట్టుని చూసుకునే, రేవుకి రావాలో టీ కొట్టు దగ్గర ఇంకాసేపు కూర్చోవాలో తేల్చుకుంటాడు. సముద్రం మీద ఫోన్లు పనిచెయ్యవు. చెట్టు పనిచేస్తుంది.

గోడవతల ఇల్లు యామినిది. ఇంటర్ మధ్యలో మానేసి ఇంట్లో కూర్చున్న పిల్ల. ఫోన్లో వీడియోలు చూసి, పాడైన టీవీలు విప్పి, తనంతట తనే రేడియో నేర్చుకుంది. పరీక్ష రాసి లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఆమె కట్టిన బీకను, అంటే తనంతట తనే సంకేతం పంపుతూ ఉండే బుల్లి రేడియో, ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో ఉంటుంది. ఎవరితోనూ మాట్లాడదు, ఎవరేం చెప్పినా వినదు. పొద్దస్తమానం లైసెన్సుతో ఆమెకిచ్చిన పిలుపు గుర్తుని మోర్సు కోడులో కొట్టుకుంటూ, నేనిక్కడున్నాను, నేనిక్కడున్నాను అంటుంది అంతే. దాని శక్తి ఎంతంటే, టార్చిలైటు బల్బు కూడా దాంతో సరిగ్గా వెలగదు. ఆ గొంతు ఎక్కడో ఎవరి రేడియోకో తగిలితే వాళ్ళు విన్నామని నెట్‌లో రాస్తారు. యామినికి కావలసింది అదే. ఆ పల్లెలో ఆమెని పేరు పెట్టి పిలిచేది వాళ్ళమ్మ ఒక్కతే, అదీ నీళ్ళు పట్టడానికి.

శక్తి తక్కువైనప్పుడు ఆశంతా యాంటెన్నా మీదే. ముందు డాబా మీద అల్యూమినియం గొట్టం నిలబెట్టింది. అది నాలుగు వైపులా సమంగా పలుకుతుంది. ఉన్న కాస్త శక్తినీ అందరికీ పంచేసరికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. తరవాత వెదురు గెడ మీంచి రెండు వైపులా వాలుగా తీగ దించింది. చెన్నై దాకా వినపడింది. చెన్నై ఆమెకి చాల్లేదు. మోటార్లకి వైండింగు చేసే షాపులో రాగి తీగ కొనుక్కొచ్చి, దాన్ని ఉత్తర దక్షిణాలుగా బాగా ఎత్తులో చాపితే పలుకంతా తూర్పుకీ పడమరకీ పోతుందని లెక్క కట్టింది. తూర్పున సముద్రం. అడ్డేమీ లేదు.

ఎత్తు మాత్రం ఆ చుట్టుపక్కల సత్తెమ్మ చెట్టుకే ఉంది.

"కట్టుకోవే, దానికేం," అంది సత్తెమ్మ, చేపలు తోముతూ. "తల మటుకు తిప్పుకోనియ్యి. మీ మావయ్య ఎక్కడున్నారో తెలీకపోతే నాకు కూర కుదరదు."

"అలాగే అత్తా. కప్పీ వేసి కడతాను. చెట్టు ఎటు తిరిగితే తీగ అటే సాగుతుంది."

కప్పీయే వేసింది మొదట. కొబ్బరికాయల దింపు తీసే తాతాజీ చెట్టెక్కి కట్టేడు. తీగ రెండో కొసకి ఇటుక వేలాడదీసింది యామిని. చెట్టు దక్షిణానికి వాలితే ఇటుక పైకి లేచేది, ఇంటికేసి తిరిగితే నేల మీద కూలబడేది. సత్తెమ్మ కోడిపెట్ట దాని కింద నడవడమే మానేసింది. అదీ కాక, తీగ ఎప్పుడూ ఒక్క తీరున ఉండేది కాదు. ఒక పూట అండమాన్ నించి విన్నామని రాసేవారు, మర్నాడు ఎవరూ రాసేవారు కాదు. యామిని ఫోను చూసుకోవడం, చెట్టుని చూసుకోవడం. అప్పలరాజు ఎటు పోతే ఆమె గొంతు అటు పోతోంది.

తాతాజీని మళ్ళీ పిలిచింది. ఆకుపచ్చ నైలాను తాడు తెచ్చింది, వల అంచుకి వేసే రకం. చెట్టు తల తూర్పుకి ఉన్న సమయం చూసి, మొవ్వు కింద చుట్టి, తమ పెరట్లో సిమెంటు స్తంభానికి లాగి కట్టమంది.

"ఎంత బిగించమంటారండి?"

"గాలికి కూడా కదలకూడదు."

తాతాజీ పైనించి కిందికి చూసేడు. "మరి అప్పలరాజు గారి సంగతో?"

"రెండ్రోజులే. చూసి విప్పేద్దాం."

"ఆయ్," అని కట్టేసేడు తాతాజీ. మర్నాడు అంబాజీపేట వైపు దింపులకి వెళిపోయేడు. తాడు మట్టల్లో కలిసిపోయింది. కనపడ్డవాళ్ళు కూడా, ఆ పిల్ల రేడియో వైర్లలో అదొకటి అనుకున్నారు.

తీగ వీణ తీగలా నిలబడింది. మలేషియాలో విన్నారు. ఇండోనేషియాలో విన్నారు. జపాన్లో ఎవరో రిటైరైన స్టేషన్ మాస్టరు, 'మీ గొంతు చాలా సన్నం, కానీ చాలా నిలకడ' అని రాసేడు. ఆ మాట యామిని వాళ్ళమ్మకి చదివి వినిపించింది. ఆవిడ చింతపండు పిసుకుతూ, "నిలకడా, నీకా," అంది.

రెండ్రోజులు అయిపోయేయి. యామిని విప్పలేదు. ఈ ఒక్క వారం, అనుకుంది. తరవాత, పౌర్ణమి వెళ్ళేక, అనుకుంది.

గోడవతల మాటలు మారేయి.

"ఎక్కడ వేసేరు వల ఇవాళ?"

"ఓడలరేవు దిగువన."

"చెట్టు మడ అడవుల వైపే చూసింది పొద్దుగూకులూ."

"దానికి మెడ పట్టేసిందేమో."

"దానికేం పట్టలేదు, మీకే మాట మారింది. నిన్నా అంతే, మొన్నా అంతే. మీరు ఇంట్లో ఉన్నా అటే చూస్తంది, మనసంతా అక్కడే ఉన్నట్టు. మడ అడవుల దగ్గర ఎవరున్నారేంటి?"

"పీతలున్నాయి."

"ఏ ఊరి పీతండీ అది?"

యామినికి మొదట నవ్వొచ్చింది. రాన్రానూ అప్పలరాజు నవ్వడం మానేసేడు, సత్తెమ్మ అడగడం మానేసింది. అతని పక్క అరుగు మీదకి వచ్చేసింది. పొద్దున్నే గోడ మీంచి కూర గిన్నె అందిస్తూ సత్తెమ్మ, "మీ మావయ్య నాతో అబద్ధం ఆడతారనుకోలేదే పిల్లా," అంది. కళ్ళు వాచి ఉన్నాయి. యామిని గిన్నె అందుకుంది. అదే చెయ్యి చాపితే స్తంభానికున్న ముడి అందుతుంది. లోపల టిఫిన్ డబ్బా, నేనిక్కడున్నాను, నేనిక్కడున్నాను అంటోంది. "మావయ్య అలాంటివారు కాదత్తా," అని మాత్రం అంది. ఆ కూర ఆమెకి సయించలేదు. పారెయ్యడానికీ చెయ్యి రాలేదు.

అల్పపీడనం ఉంది, లోపలికి పోవద్దని మైకులో చెప్పిన రోజున కూడా అప్పలరాజు తెల్లారకుండానే బయల్దేరేడు. సత్తెమ్మ క్యారేజీ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"ఎక్కడికో చెప్పి వెళ్ళండి."

"నీ చెట్టునే అడుగు," అన్నాడతను. క్యారేజీ తీసుకోలేదు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి ఏట్లోకి వచ్చేసేయి. అప్పలరాజుది రాలేదు. రేవులో ఉన్నవాళ్ళంతా సత్తెమ్మ పెరట్లోకి వచ్చి, మామూలుగానే, చెట్టుని చూసేరు. తూర్పు. ఇంజన్లు గట్టివి చూసుకుని మడ అడవుల వైపు వెళ్ళేరు. ఒక్క చెక్క ముక్క కనపడలేదు. తిరిగొచ్చి మళ్ళీ చూసేరు. మళ్ళీ తూర్పే. మళ్ళీ వెళ్ళేరు.

యామిని తన పెరట్లో నిలబడింది. నైలాను తాడు సన్నగా మూలుగుతోంది. చెట్టు దక్షిణానికి లాగుతోంది. ఎంతలా లాగుతోందంటే, సిమెంటు స్తంభం మొదట్లో మట్టి పగిలింది. మట్టల కొసలన్నీ, ఒక్కటి కూడా తప్పకుండా, దక్షిణానికి చాపిన వేళ్ళలా ఉన్నాయి. తల ఒక్కటే తూర్పుకి ఉంది. ఇన్నాళ్ళూ తీగ వైపు చూసింది గానీ మట్టల కొసలు చూడలేదామె.

రెండోసారి వెళ్ళినవాళ్ళూ ఉత్త చేతులతో వచ్చేరు. ఇంకో గంటలో చీకటి పడుతుంది. చీకటి పడితే వెతికేది లేదు. సత్తెమ్మ చెట్టు మొదట్లో కూర్చుని, మానుకి వీపు ఆనించి, "సరిగ్గా చెప్పవే తల్లీ," అంటోంది, చంటిపిల్లని బతిమాలినట్టు.

యామిని గోడ దాటి వచ్చింది.

"అత్తా. అది అటు చూడట్లేదు."

"ఏంటి?"

"నేను కట్టేసేను. నా తీగ కదలకుండా. రెండ్రోజులన్నాను గానీ నెల దాటిపోయింది. మావయ్య నీతో అబద్ధం ఆడలేదు."

పెరట్లో ఉన్నవాళ్ళు తలలెత్తి మట్టల్లో తాడు కోసం చూసేరు. ఎవరైనా ఒక మాట అంటే బాగుణ్ణు అనిపించింది యామినికి. సత్తెమ్మ లేచింది. చూరులోంచి కొడవలి తీసింది. యామిని చేతిలో పెట్టింది.

"కొయ్యి."

యామిని కోసింది. చివరి పోగు తెగేసరికి కొడవలి చేతిలోంచి ఎగిరిపోయింది. చెట్టు తూర్పు నించి దక్షిణానికి ఒక్క విసురులో తిరిగింది. కాయలు దబదబా రాలేయి. రాగి తీగ ఫట్టుమని తెగి కోళ్ళ గూటి మీద పడింది. చెట్టు అక్కడితో ఆగలేదు, వంగింది. ఎప్పుడూ అంతలా వంగలేదది. కొస మట్ట గోడని రాసుకుంది.

"ఓడలరేవు దిగువన, బాగా లోపల," అన్నారెవరో. పడవలు మూడోసారి వెళ్ళేయి.

బోల్తాపడ్డ పడవని రెండు చేతులతో కావలించుకుని ఉన్నాడట అప్పలరాజు. బాగా చీకటి పడ్డాక రేవులో దింపేరు. పెదాలు ఉప్పుతో పగిలిపోయి ఉన్నాయి. సత్తెమ్మ చీర కొంగుతో మొహం తుడుస్తుంటే, కళ్ళు తెరిచి, మెల్లగా అన్నాడు.

"ఇంతసేపేంటే? చెట్టు చూస్తందిలే, వచ్చేస్తారులే అని, ఒడ్డు దగ్గరే ఉన్నప్పుడు కూడా ఈదలేదు. పట్టుకుని కూర్చున్నాను. చూడలేదా అది?"

యామిని అక్కడే ఉంది, లాంతరు పట్టుకుని. లాంతరు దించి పక్కకి జరిగింది.

ఆ తరవాత కూడా ఎవరూ ఆమెని ఒక మాట అనలేదు. సత్తెమ్మ కూర గిన్నె మామూలుగానే గోడ మీంచి వచ్చింది. అప్పలరాజు, "ఏంటమ్మా, జపానోళ్ళు ఏమంటన్నారు," అని కూడా అడిగేడు. బీకను బ్యాటరీ తీసేసి, టిఫిన్ డబ్బాని బాగా తోమి, వాళ్ళమ్మకి ఇచ్చేసింది యామిని. అంబాజీపేట నించి తిరిగొచ్చిన తాతాజీని చెట్టెక్కి, మిగిలిన తీగ విప్పెయ్యమంది.

అతను ఎక్కి, చాలాసేపు చూసి, ఖాళీ చేతులతో దిగేడు.

"లోపలికి దిగిపోయిందండి. మొవ్వులో కలిసిపోయింది. లాగితే మొవ్వు పోద్ది. మొవ్వు పోతే చెట్టు పోద్దండి."

"మరి?"

"ఉండనివ్వండి. ఇంక అది దానిదే."

అప్పలరాజు సత్తువ కూడదీసుకుని మళ్ళీ పడవ తీసిన రోజున సత్తెమ్మ ముగ్గేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. చెట్టు దక్షిణానికి లేదు. తూర్పుకీ లేదు. గోడ మీంచి వంగి యామిని వాళ్ళ వంటింటి కిటికీలోకి చూస్తోంది. యామిని నీళ్ళకి కుళాయి దగ్గరకెళితే కుళాయి వైపు తిరిగింది. కొట్టుకెళితే కొట్టు వైపు. సత్తెమ్మ ఆ రోజు పొయ్యి ముట్టించలేదు, రేవులోనే కూర్చుంది. పడవ వచ్చేక ఇద్దరూ పెరట్లో నిలబడి చెట్టుని చాలాసేపు చూసేరు.

"నా మీద బెంగ తీరిపోయినట్టుంది దానికి," అన్నాడు అప్పలరాజు. పడవని ఒడ్డుకి లాగించి బోర్లించేసేడు. తాటాకులు కప్పేడు. "పుట్టిన కాణ్ణించీ ఎవరూ చూడకుండా వెళ్ళలేదు నేను. ఈ వయసులో నేర్చుకోలేను."

యామిని అతని ముందుకు వెళ్ళి ఏదో చెప్పబోయింది. "నీదేం లేదమ్మా," అన్నాడతను. కాలవలో పీతలకి బుట్టలు పెట్టుకోవడానికి వెళ్ళిపోయేడు. అలా వెళుతుంటే అతని వెనక చెట్టు కదల్లేదు. యామిని ఇంట్లోకి వెళితే కదిలింది.

కాకినాడలో పడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే షాపులో ఆమెకి పని దొరికింది. వెళ్ళనా వద్దా అని వాళ్ళమ్మని అడిగింది. వాళ్ళమ్మ సత్తెమ్మని అడిగింది. సత్తెమ్మ పచ్చడి సీసా కట్టి ఇచ్చింది.

బస్సు ఎదుర్లంక వంతెన మీదికొచ్చేసరికి ఫోను మోగింది.

"వంతెన ఎక్కేవా?" అంది సత్తెమ్మ.

"ఎక్కేనత్తా."

"ఆయ్. చెట్టు అలాగే చెప్తంది. కిటికీ పక్కన కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"చద్దన్నం తిన్నావా, ఉట్టి కడుపుతో వెళిపోయేవా?"

యామిని పచ్చడి సీసాని ఒళ్ళోకి లాక్కుంది. కింద గోదారి వెడల్పుగా, ఎండకి తెల్లగా ఉంది. ఆ దూరంలోంచి చెట్టు కనపడదు. అయినా అద్దానికి తల ఆనించి వెనక్కి చూసింది.

"మావయ్య ఏం చేస్తన్నారత్తా?"

"ఏమోనే. పొద్దున్ననగా వెళ్ళేరు. కాలవ గట్టు మీదున్నారో, టీ కొట్టు దగ్గరున్నారో." సత్తెమ్మ చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు వినపడింది. "ఉండు, ఎసరు పెట్టే వేళయింది. వెళ్ళి వెతుక్కొస్తాను."