చివరగా ఆగేది నేనే

నేను ఒక ఫ్యాను. మీ నడినెత్తిన తిరుగుతూ మధ్యాహ్నం నిద్రపుచ్చే జాతి కాదు నాది. అరచేతిలో పట్టేంత రేకు చక్రం, దాని చుట్టూ నత్తగుల్లలా వంపు తిరిగిన ఇనప డొక్క, వెనక చిన్న మోటారు. అంతే నేను. మనుషులకు చల్లదనం ఇవ్వడానికి పుట్టలేదు. వేడెక్కిన వస్తువు పక్కన నిలబడి, అది పగిలిపోకుండా ఊదడానికి పుట్టాను. నేను చప్పుడు చేస్తాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, మన్నించమని అడగడానికి మాత్రం కాదు.

కోయంబత్తూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో తయారయ్యాను. నాకు రాగి తీగ చుట్టిన అమ్మాయి పక్కమ్మాయితో తన పెళ్లిచూపుల ముచ్చట్లు చెబుతూ చుట్టింది. నాకు కబుర్లంటే ఇష్టం అందువల్లే అయ్యుంటుంది. పరీక్ష చేసే మనిషి నన్ను చెవి దగ్గర పెట్టుకుని, గొంతు పెద్దదని మొహం చిట్లించి, అయినా ముద్ర కొట్టేశాడు. నా మీద మొదటి ఫిర్యాదు అది. అప్పటినుంచి వింటూనే ఉన్నాను, తిరుగుతూనే ఉన్నాను.

మొదటి కొలువు పాలకొల్లులో, వీరభద్ర టాకీసు మేడ మీది గదిలో. అక్కడ బొమ్మ వేసే మిషను దీపం కాగిపోతూ ఉండేది. దాని పెట్టెలోకి గాలి ఊదడం నా పని. ఆపరేటరు సూర్రావుకి ఒక పట్టింపు ఉండేది. ఆట అయిపోయి, దీపం ఆర్పేసినా నన్ను మాత్రం ఆపేవాడు కాదు. కింద గేటు మనిషి తాళాలు గలగలలాడిస్తూ కేకేసేవాడు.

"ఏరా సూర్రావూ, జనం ఇళ్లకెళ్లి అన్నాలు కూడా తినేశారు. ఆ కూతేంట్రా ఇంకా?"

"దీపం చల్లారాలిరా. నీకు తాళం తొందర. దానికి గాజు గొడవ."

"ఆర్పేశాక ఇంకా చల్లారేదేంటి?"

"మీ ఆవిడ తిట్టడం ఆపగానే నీకు చల్లారిపోద్దేంటి?"

గేటు మనిషి మెట్లెక్కకుండానే వెనక్కి తిరిగేవాడు. ఆపడం అనేది ఒక స్విచ్చితో అయిపోయే పని కాదని ఆ గదిలోనే నేర్చుకున్నాను. అందరికంటే ఆఖరున ఆగే హక్కు కూడా నాకు అక్కడే వచ్చింది. నా అంతట నేను దాన్ని ఇప్పటివరకు ఎవరికీ వదిలిపెట్టలేదు.

టాకీసు కల్యాణమండపం అయింది. నేను తుక్కు దుకాణంలో, విరిగిన కుర్చీ కాళ్ల కింద పడ్డాను. చాలా వస్తువులు అక్కడ ఏడుస్తాయి. నేను ఏడవలేదు. చక్రం తుప్పు పట్టకుండా ఉంటే చాలనుకున్నాను. ఒకరోజు ఫణీంద్ర అనే కుర్రాడు, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాడు, వచ్చి నన్ను వేలితో ఒక్క తిప్పు తిప్పాడు. గిర్రున తిరిగాను. కావాలనే తిరిగాను. జేబులో రుమాలు తీసి నన్ను తుడిచి ఇంటికి పట్టుకుపోయాడు.

ఫణీంద్ర హామ్. అంటే లైసెన్సు తీసుకుని, సొంత రేడియో సెట్టు పెట్టుకుని, ఎక్కడెక్కడి మనుషులతోనో గాల్లో మాట్లాడే మనిషి. సెట్టు పక్కన అతను సొంతంగా కట్టుకున్న ఒక పెట్టె ఉంది. సెట్టు గొంతును పెంచి దూరం పంపే పెట్టె అది. దాని లోపల చిన్న కూజా అంత గాజు వాల్వు. సాలూరులో ఉండే పాతకాలం హామ్ వరహాలరావు మాస్టారు తన దగ్గర మిగిలిన ఒకే ఒక్కటి దీవెనలతో సహా ఇచ్చారట. ఇప్పుడు అలాంటిది ఎక్కడా దొరకదు. అది పగిలితే ఆ పెట్టె బియ్యం పోసుకోవడానికి పనికొస్తుంది. దాని పక్కన నన్ను బిగించారు. మళ్లీ ఒక గాజు ప్రాణానికి కాపలా.

అయితే ఫణీంద్రకు నా గొంతు నచ్చలేదు. మైకులోంచి నా హోరు కూడా బయటికి పోతుందట. "మీ ఊళ్లో గాలివాన గానీ వస్తోందా బాబూ?" అని మాస్టారు అడిగినప్పుడల్లా అతని చెవులు ఎర్రబడేవి. అతను మాట్లాడటం మొదలుపెడితే ముగించలేడు. నేను చూసిన మనుషులందరిదీ అదే జబ్బు. వెళ్లొస్తామని లేచి, గుమ్మంలో కాసేపు, మెట్ల మీద కాసేపు, గేటు పట్టుకుని ఇంకాసేపు నిలబడి, లోపల కూర్చున్నప్పటికంటే ఎక్కువ కబుర్లు అక్కడే చెప్పుకుంటారు. గాల్లో గేటు కూడా ఉండదు, ఇక అడ్డేముంది? అంతసేపు వీడ్కోలు చెప్పినవాడు, చివర్న మాత్రం ఒక్క స్విచ్చి టప్పున నొక్కి, నన్నూ వాల్వునూ కలిపి చీకట్లోకి తోసి అన్నానికి పోయేవాడు. కాగిన గాజు పక్కన రెక్క కదలక పడి ఉండటమంటే ఏమిటో నన్నడగండి.

అప్పుడు ఇందుమతి వచ్చింది. ఫణీంద్రను పెళ్లి చేసుకుని, ఫిజిక్స్ డిగ్రీతో, చేతుల నిండా గాజులతో. సంధ్యవేళ వాల్వు నారింజరంగులో వెలగడం మొదటిసారి చూసి చప్పట్లు కొట్టింది. నా హోరు విని నవ్వింది. "ఇది పిల్లిలా గుర్రుమంటోందండీ" అంది. నన్ను చూసి నవ్విన మొదటి మనిషి ఆమే. లైసెన్సు పరీక్ష కూడా రాసి గెలిచింది. ఒకరోజు మొగుడి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏవండీ, మీరు సెట్టు ఆపుతుంటే నాకు గుండె దడొస్తోంది."

"ఆపడమే కదా ఇందూ. దానికో పద్ధతా?"

"కుక్కరు దించగానే మూత లాగేస్తారా?"

"నేను కుక్కరెప్పుడు దించాను?"

"అదే చెబుతున్నా."

ఆ రోజునుంచి ఆపే పని ఆమెది. కొత్త పెళ్లికూతురు గాజులు తీయకూడదని అత్తగారి మాట. లోహం గాజులతో కరెంటు దగ్గర చెయ్యి పెట్టకూడదని చదువు మాట. రెండింటినీ కాదనకుండా ప్లగ్గు లాగి, గాజులన్నీ మోచేతి వైపు తోసి, జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండు వేసేది. నల్లపూసలు జాకెట్టులోకి దోపేది. ఒకరోజు అలాగే నా దగ్గరికి వచ్చింది. నన్ను అన్నిటినీ ఆపే ఆ ఒక్క స్విచ్చి నుంచి విడదీసి, ఇంటి ఇన్వర్టరు లైనుకు విడిగా తగిలించింది. మిగతావన్నీ ఆగినా నేను తిరగాలని. కరెంటు పోయినా తిరగాలని. సూర్రావు తర్వాత నన్ను అర్థం చేసుకున్నది ఆ అమ్మాయే.

ఫణీంద్ర మాత్రం ఒక అట్టపెట్టె తెప్పించాడు. అందులో కొత్త ఫ్యాను. చప్పుడే చేయదట. "ఆదివారం ఈ గోల పీకేస్తా" అన్నాడు నా ముందే. చేస్కో, అనుకున్నాను. ఆదివారం ఇంకా రాలేదు.

ఆషాఢం వచ్చేసింది. కొత్త కోడలు పుట్టింటికి వెళ్లాలి, అల్లుడు ఆ నెలంతా అత్తవారి గుమ్మం తొక్కకూడదు. ఇందుమతి తమ్ముడు చంటి తుని నుంచి కారు వేసుకుని వచ్చాడు. సాయంత్రం. సామాను డిక్కీలోకి చేరింది. లోపల ఫణీంద్ర మైకు పట్టుకుని మాస్టారితో తన బాధంతా చెప్పుకుంటున్నాడు. పడమర నల్లగా మూసుకొచ్చింది. ఇందుమతి కిటికీలోంచి చూసింది.

"ముగించండి. మబ్బు దూరంగా ఉన్నప్పుడే ఆపాలి. నెత్తిమీదికొచ్చాక యాంటెన్నా తీగ ముట్టుకోకూడదు."

"ఒక్క మాట. మాస్టారు ఏదో చెబుతున్నారు."

"ఏటి బాబూ, నెల్రోజులేగా" అంటున్నారు మాస్టారు స్పీకర్లోంచి. "మా కాలంలో అయితే ఉత్తరం ముక్కకీ దిక్కు లేదు. ఓసారేటయిందంటే..."

ఆ కథ ఎంత పొడుగో నాకు తెలుసు. ఇందుమతికీ తెలుసు. మొగుడి చేతిలోంచి మైకు తీసుకుంది. "మాస్టారూ, ఇక్కడ మబ్బేసింది. వెళ్లొస్తాం, మీరూ తీగ విప్పేయండి" అంది. అంతే. గేటు దగ్గర నిలబడకుండా వెళ్లిపోయిన తెలుగు మనిషిని నేను చూడటం అదొక్కసారే. తర్వాత ఆమె వేళ్లు వరసగా కదిలాయి. ముందు వాల్వుకు వెళ్లే పెద్ద కరెంటు. తర్వాత సెట్టు. తర్వాత రెండింటి ప్లగ్గులూ గోడలోంచి బయటికి. వెనక యాంటెన్నా తీగ విప్పి, కిటికీ బయట ఎర్తు కడ్డీకి బిగించి, తలుపు మూసింది. ఆకాశం ఒక్కసారి మెరిసింది. ఊరంతా కరెంటు పోయింది.

"అయ్యో, వాల్వు" అని లేచాడు ఫణీంద్ర చీకట్లో. "ఇంకా కాగుతూ ఉంటుంది."

నేను గుర్రుమన్నాను. ఎప్పటికంటే గట్టిగానే.

చంటి గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఇదేంటి బావగారూ, ఊరంతా పడుకుంటే ఇదొక్కటే అరుస్తోంది?"

"దాన్ని అరవనీ" అన్నాడు ఫణీంద్ర. నా గురించి అతను మెచ్చుకోలుగా అన్న మొదటి మాట.

"అక్కా, పద. వాన పెద్దదైతే అన్నవరం దగ్గర ఇరుక్కుపోతాం."

"ఇది చల్లబడాలిరా. అప్పటిదాకా కదలను."

చంటి వెళ్లి కారులో కూర్చున్నాడు. వీళ్లిద్దరూ పెట్టె ముందు నేలమీద కూర్చున్నారు. బయట వాన. నేను ఊదుతున్నాను. కాసేపటికి గాజు పూర్తిగా చల్లారిపోయింది, నా పని అయిపోయింది. చంటి హారను కొట్టాడు. ఇందుమతి వాల్వు పెట్టెకున్న జాలీ మీద చెయ్యి పెట్టి చూసింది. మంచుముక్కలా ఉంది.

"ఇంకా వేడిగానే ఉందండీ" అంది.

ఫణీంద్ర కూడా చెయ్యి పెట్టి చూశాడు. "అవును, బాగా వేడి" అన్నాడు.

నేను అబద్ధం ఆడను. కానీ తిరగడం మానమని నాకెవరూ చెప్పలేదు. చంటి హారను కొడుతూనే ఉన్నాడు, నేను తిరుగుతూనే ఉన్నాను. వాన తగ్గాక ఆమె లేచి, తన వేలితోనే నన్ను ఆపి, కారెక్కింది.

మెచ్చుకోవడం వేరు, ఉంచుకోవడం వేరు. ఆదివారం ఫణీంద్ర అట్టపెట్టె విప్పాడు. కొత్తదాన్ని కూడా ఇన్వర్టరుకే తగిలిస్తానని తనలో తాను అనుకుంటూ నా మరలు రెండు వదులు చేశాడు. ఈలోగా వేళయింది. ఇందుమతి తునిలో డాబా మీద తీగ కట్టుకుని చిన్న సెట్టుతో గాల్లోకి వచ్చే వేళ. ఫోన్లు లేకనా? "ఫోనులో మీరు చేతికి దొరికేస్తారు, ఇందులో వెతుక్కోవాలి" అంటుంది ఆమె. వదులు మరలతోనే నన్ను తిప్పి మైకు పట్టాడు. గడగడలాడుతూ మామూలుకంటే మోటుగా మోగాను. కావాలనే.

"ఏవండీ" అంది ఆమె అటునుంచి. "మీరు నోరు విప్పకముందే మీరని తెలిసిపోయింది."

"ఎలా?"

"మీ మైకు తెరుచుకోగానే ముందు గాలి వస్తుంది, పిల్లి గుర్రుమన్నట్టు. ఆ తర్వాత మీరు. రోజూ ఆ గాలి కోసమే చెవి పెట్టుకుని కూర్చుంటాను. ఇవాళ ఇంకా గట్టిగా వచ్చింది, చాలా బెంగగా ఉన్నారా?"

ఫణీంద్ర నా వైపు చూశాడు. అట్టపెట్టె వైపు చూశాడు. మాట్లాడుతూనే స్క్రూడ్రైవరు తీసుకుని నా మరలు రెండూ బిగించాడు.

కొత్త ఫ్యాను ఇప్పటికీ ఆ అట్టపెట్టెలోనే ఉంది. నిశ్శబ్దంగా. అది దాని గొప్పతనమే కదా.

నా బేరింగు ఏదో ఒకరోజు అరిగిపోతుంది. తుక్కు గుట్టను చూసి వచ్చినదాన్ని, దాని పేరు చెప్పి నన్నెవరూ భయపెట్టలేరు. ఒకే ఒక్క మాట. ఆ రోజు కూడా ముందు వాల్వు ఆపండి, సెట్టు ఆపండి, ప్లగ్గులు లాగండి, తీగ విప్పి ఎర్తుకు కట్టండి. గాజు చల్లబడే దాకా నా జోలికి రావద్దు. ఆ తర్వాత, ఇందుమతి చేతితో అయితే, సరే.