కండక్టరు ఎడమ భుజం

ఆ మంగళవారం పొద్దున ఎండ కాసిందో లేదో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాదు, ముందు వాతావరణం చెప్పండి, తర్వాత మనుషుల్ని తీసుకురండి అని తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ముప్పై ఏళ్లు వ్యాసాలు నేర్పిన ఇంతిసార్, తన భర్త అద్నాన్ పోయిన రోజు ఆకాశం ఎలా ఉందంటే చెప్పలేకపోతుంది, గుర్తున్నది మెట్లే, కింద బజారు నుంచి పైన ఇంటి దాకా నూట పన్నెండు మెట్లు, నాలుగు మలుపులు, నాలుగో మలుపులో అతను కూర్చున్నాడు, కూర్చున్నవాడు గోడ వైపు ఒరిగాడు, అంతే, అది అక్టోబరు, ఇది ఫిబ్రవరి, ఇప్పుడు అవే మెట్ల కింద రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని నిలబడింది, ఒక సంచిలో ఖుబ్బేజా ఆకుకూర, రొట్టెలు, ఇంకో సంచిలో పెరుగు డబ్బా, ఉల్లిపాయలు, బరువు రెండు చేతులకూ సమంగా పంచుకోవాలి పంతులమ్మా, లేకపోతే నడుము ఒక పక్కకు లాగుతుంది అంటాడు, అనేవాడు, మగపిల్లల బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషికి లోకంలో ప్రతి పనీ ఏదో ఒక కండరానికి సంబంధించినదే, గుమ్మడి తరిగితే మణికట్టుకు, దుప్పటి దులిపితే భుజాలకు, ఆమెకేమో ప్రతి పనీ ఏదో ఒక కథకు సంబంధించినదే, కూసా అనే చిన్న సొరకాయల్లో గుజ్జు తోడుతూ ఇదే నా వృత్తి, పనికిరానిది తీసెయ్యడం, తోలు చిరగకుండా తీసెయ్యడం అంటే, అతను ఒక కాయ లాక్కుని, తోలు చిరిగింది చూడు, ఈ కథ అచ్చుకు పనికిరాదు, నేను తినేస్తా అనేవాడు.

ఒక మెట్టు, రెండు, మూడు, పెరుగు డబ్బా మోకాలికి తగులుతోంది, గంట క్రితం ముహన్నద్ గుమ్మంలో వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటూ అడిగాడు, అమ్మా, నాన్నకు ముందు ఏమీ లేదు కదా, నొప్పి గానీ ఆయాసం గానీ, అని, తల ఎత్తలేదు, తాళ్లే చూస్తున్నాడు, వచ్చే నెల కొండ మీంచి మృత సముద్రం దాకా దిగే పరుగులో పేరిచ్చాడు, ముప్పై దాటినవాళ్లకు డాక్టరు సంతకం కావాలట, క్లినిక్‌లో కుర్ర డాక్టరు ఒక ఫారం ఇచ్చాడట, అందులో తండ్రి గుండెజబ్బుతో పోయారా, అవును, పోయే ముందు ఏవైనా సూచనలు కనిపించాయా అని ఒక ప్రశ్న ఉందట, ఉంటే యంత్రం మీద పరిగెత్తించి, రక్తం తీసి, వారం రోజులు తిప్పుతారట, లేకపోతే పదకొండింటికల్లా సంతకం పెట్టి పంపేస్తారట, ఏమీ లేదు నాన్నా అంది ఇంతిసార్, అంత తేలిగ్గా అంది, గిన్నె తుడుస్తూ అంది, నాకు తెలుసులే, ఆయన నవ్వుతూ పోయాడు, ఎంతమందికి దొరుకుతుంది అలా అని ముహన్నద్ లేచి ఎడమ భుజం ఒకసారి వెనక్కి తిప్పాడు, ఏమైందిరా అంటే, సంచీ పట్టీ ఒరుసుకుందమ్మా, ఆఫీసుకు లాప్‌టాప్ మోసి మోసి, అన్నాడు, మెట్లు దిగిపోయాడు, ఒక్కో అడుగుకు రెండేసి మెట్లు, వాళ్ల నాన్న లాగే.

మొదటి మలుపు, ఇక్కడ ఆగకూడదు, ఊపిరి అందుతున్నంతసేపూ ఆగకూడదు, అతని పరీక్ష ఒకటే, మాట్లాడుతూ ఎక్కాలి, ఒక పూర్తి వాక్యం తెగకుండా చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు, మధ్యలో తెగితే తగ్గించాలి, కూనిరాగం తీయగలిగితే పెంచాలి, అయితే నేనేం మాట్లాడను అని ఆమె అడిగింది, పదకొండేళ్ల కిందట, తనకు షుగరు వచ్చిందని డాక్టరు నడవమన్న కొత్తలో, నీ దగ్గర కథలున్నాయిగా, రాసేవి చెప్పు, రాసుకున్నాక ఎలాగూ నాకు చూపించవు, అన్నాడు, అలా మొదలైంది, రాయబోయే ప్రతి కథా ముందు ఈ మెట్ల మీద నోటితో ఎక్కేది, అతను ఒక్కో మలుపులో తిరిగి చూసి, తర్వాత, అనేవాడు, తర్వాత ఏం జరగాలో ఆమెకు తెలియకపోతే ఇంకోసారి దిగి మళ్లీ ఎక్కించేవాడు, రెండో మలుపు కిటికీలోంచి పొరుగావిడ ఉమ్ జర్యాస్ అరిచేది, ఓ డ్రిల్లు మాస్టారూ, ఆ మనిషిని చంపేస్తావయ్యా, దానికి అతను, లేదమ్మా, ఈవిడే కథలో ఒకణ్ణి చంపాలా వద్దా అని తేల్చుకోలేక నన్ను చంపుతోంది అనేవాడు, మెట్ల మీద పిల్లులు కూడా నవ్వినట్టుండేది.

ఆ నవ్వే పట్టుకుంది ఇంతిసార్, మాతమ్, పరామర్శల మూడు రోజులూ ఆ నవ్వే పట్టుకుని కూర్చుంది, గది నిండా నల్లబట్టల ఆడవాళ్లు, చక్కెర లేని కాఫీ, కూర్చున్న ప్రతి మనిషీ ఒకే ప్రశ్న, ఎలా జరిగింది ఉమ్ ముహన్నద్, ముహన్నద్ వాళ్లమ్మా, అడగడం మర్యాద, చెప్పడం మర్యాద, ఆడబిడ్డ వచ్చిందని ఒకసారి, బడి నుంచి టీచర్లు వచ్చారని ఒకసారి, జర్కా నుంచి మేనత్తలు వచ్చారని ఒకసారి, మొదటి రోజు పొద్దున చెప్పినప్పుడు అన్నీ ఉన్నాయి, నిజం, అన్నీ చెప్పింది, మూడో మలుపులో అతను ఇనుప కడ్డీ పట్టుకుని కాస్త కూర్చుంటా అన్నాడని, తను కథలో మునిగి ఉందని, ఒక్క నిమిషం ఆగు, ఈ మాట పూర్తి కానీ, మళ్లీ మరిచిపోతాను అందని, అతను కూర్చోలేదని, చెప్పు అన్నాడని, చెప్తుంటే ఆడబిడ్డ మొహం ఎలాగో అయింది, ఆ మొహం చూశాక మధ్యాహ్నం వచ్చినవాళ్లకు చెప్పినప్పుడు కూర్చుంటా అన్న మాట ఉంది, ఒక్క నిమిషం లేదు, రెండో రోజు కూర్చుంటా అన్న మాట కూడా లేదు, కడ్డీ ఉంది, మూడో రోజుకు కడ్డీ కూడా పోయింది, మాట్లాడుకుంటూ ఎక్కుతున్నాం, నేనేదో అన్నాను, నవ్వాడు, నవ్వుతూనే కూర్చున్నాడు, అంతే, ఎంత బావుంది, ఎంత బిగువుగా ఉంది, ఒక్క మాట ఎక్కువ లేదు, ముసలమ్మలు కళ్లు తుడుచుకుని, ధన్యుడమ్మా, దేవుడు కరుణించాడు అన్నారు, మగవాళ్ల గుడారంలో కూర్చున్న ముహన్నద్‌కు ఆ మూడో రోజు కథే చేరింది, అదే ఇప్పుడు వాడు ఆఫీసులో చెప్తాడు, స్నేహితులకు చెప్తాడు, అబద్ధం అని ఆమె అనుకోలేదు, దిద్దడం అనుకుంది, పిల్లల నోటుపుస్తకాల్లో ఎర్రసిరాతో అనవసరం అని రాసే చెయ్యి, అదే చెయ్యి.

ఏమ్మా ఇంతిసార్, మెట్లు లెక్కపెడుతున్నావా, వాటితో దెబ్బలాడుతున్నావా, ఉమ్ జర్యాస్ కిటికీలో మోచేతులానించి ఉంది, జుట్టుకు గోరింటాకు పట్టించి ప్లాస్టిక్ సంచి చుట్టుకుంది, కింద వీధిలో గ్యాస్ బండి పాట పాడుకుంటూ పోతోంది, ఆ బండి వెళ్లేదాకా ఇద్దరూ ఆగారు, పెదాలు కదుల్తున్నాయి నీకు, చూస్తున్నా కిందినుంచీ, పిచ్చిపట్టిందనుకుంటారే జనం, అలవాటక్కా అంది ఇంతిసార్, అలవాటే, మీరిద్దరూ అరుచుకుంటూ ఎక్కుతుంటే నాకు అలారం అక్కర్లేకపోయేది, ఇప్పుడు తొమ్మిదింటిదాకా పడుకుంటున్నా, బద్ధకం నేర్పిపోయాడు మీ ఆయన, ఖుబ్బేజాయేనా అది, ముదురు ఏరుకొచ్చావు, వెల్లుల్లి దండిగా వెయ్యి, ఆఁ, అన్నట్టు నీ కొడుక్కి ఆ భుజానికి కాస్త ఆలివ్ నూనె వెచ్చచేసి రాయవే, నిన్న సాయంత్రం పరిగెత్తుకుంటూ వచ్చి పైమలుపులో ఆగాడు, ఇలా ఎడమ భుజం నొక్కుకుంటూ, కడ్డీ పట్టుకుని ఎంతసేపో, నేను పిలిస్తే చెయ్యూపి పోయాడు, సంచీ మోస్తున్నాడక్కా, పట్టీ ఒరుసుకుంది అంది ఇంతిసార్, సంచీయా, ఏ సంచీ, చేతుల్లో తాళంచెవి తప్ప ఏం లేదు వాడి దగ్గర, పొట్టి లాగు, బనీను, ఈ చలిలో, చెప్పు వాడికి, గాలి పట్టేస్తుందని.

గాలి, అవును గాలే, ఇంటికి వెళ్లాలి అని అందో లేదో, కాళ్లు కదిలాయి, మూడో మలుపు దాకా ఏడు మెట్లు, ఊపిరి తెగుతోంది, వాక్యం తెగుతోంది, వేగం తగ్గించు అంటాడు, తగ్గించదు, కడ్డీ చల్లగా ఉంది, ఇక్కడే పట్టుకుని నిలబడ్డాడు, ఆ రోజు చెప్తున్న కథ జర్కా బస్సు కండక్టరుది, తొమ్మిదేళ్లుగా అన్నతో మాటల్లేవు, ఆ పొద్దున అన్న బస్సెక్కుతాడు, టికెట్టివ్వాలి, మొహం చూడాలా వద్దా, అక్కడ తేలలేదు కథ, ఆ ఒక్క నిమిషం దాని కోసమే అడిగింది, అయినా బాధ ఆ నిమిషం కాదు, నాలుగు నెలలుగా రాత్రీ పగలూ ఆ నిమిషాన్నే పట్టుకుని ఏడ్చింది గానీ నిమిషం కాదు, అద్నాన్ ఆ నిమిషం కూర్చున్నా ఏమీ ఆగేది కాదని డాక్టరన్నాడు, ఆగేది అంతకు ముందు, మూడు వారాల ముందు, నీలం అట్ట నోటుపుస్తకం, అందులో కండక్టరు గురించి తను రాసుకున్న ముక్కలు, తేదీ వెయ్యకుండా ఒక్క ముక్కా రాయదు, అలవాటు, సెప్టెంబరు పద్దెనిమిది, కండక్టరు అబద్ధం చెప్పేటప్పుడు కుడిచేత్తో ఎడమ భుజం నొక్కుకుంటాడు, ఇరవై మూడు, నొక్కుకుని, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూస్తాడు, అక్టోబరు ఒకటి, మెట్టెక్కే ముందు ఒకసారి ఆగి, ఆకాశం చూస్తున్నట్టు నటిస్తాడు, ఎక్కడ చూసింది ఇవన్నీ, బస్సెక్కి ఎన్నాళ్లయింది తను, ఏ కండక్టరు భుజం చూసింది, ముందు నడుస్తున్న మనిషి భుజం అది, చెమట పట్టిన బూడిదరంగు బనీను మీద ఆ వేళ్లు, ఏమైంది అంటే నిన్న పాత బడికి వెళ్లి పిల్లలకు బరువు బంతి విసిరి చూపించాన్లే, పట్టేసింది, అన్నాడు, ఆ జవాబు కూడా రాసుకుంది, కండక్టరుకు ఇచ్చింది, బావుందనుకుంది, ఎంత నిజంగా ఉంది ఈ మనిషి కదలిక అని మురిసిపోయింది, చూసింది, అందరికన్నా ముందు చూసింది, తేదీలతో సహా చూసింది, చూసి, పుస్తకంలో పెట్టుకుంది.

నాలుగో మలుపు ఎప్పుడు దాటిందో, తలుపు ముందు సంచులు రెండూ ఒకే పక్క కింద పడ్డాయి, ఒక ఉల్లిపాయ దొర్లి నాలుగైదు మెట్లు దిగింది, పోనీ, తాళం తీయలేదు, చేతిలోకి ఫోను తీసుకుంది, పదీ ఇరవై, క్లినిక్‌లో వాడి వంతు ఇంకా రాలేదేమో, గోడవార కుర్చీలో కూర్చుని ఒళ్లో ఫారం పెట్టుకుని ఉంటాడు, లేదు అని గీత పెట్టేసి ఉంటాడు, అమ్మ చెప్పింది కదా, ముహన్నద్, నీతో ఒక మాట చెప్పాలి, అని మొదలుపెడితే భయపడతాడు, నాన్న ఆ రోజు, అని మొదలుపెడితే, వద్దు, ముందు పుస్తకం సంగతి చెప్పి తర్వాత మెట్ల సంగతి చెబితే, లేదా నిన్న పైమలుపులో నువ్వు ఎందుకు ఆగావురా అని అడిగి అక్కణ్ణించి, అవును అది మెరుగు, వాడు సంచీ అంటాడు, అప్పుడు తను, ఆగు, ఏం చేస్తున్నావు ఇంతిసార్, మళ్లీ అదే, మొదలు ఎక్కడ, మలుపు ఎక్కడ, ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, వాడు ఫారం మీద కలం పెట్టుకుని కూర్చుంటే నువ్వు మెట్ల మీద కూర్చుని కథ కడుతున్నావు, నవ్వుతూ పోయిన నాన్న వాడికి పోతాడు, ఒక్క నిమిషం ఆగమన్న అమ్మ మిగులుతుంది, జీవితమంతా మిగులుతుంది, ఆ మొహం, ఆడబిడ్డ మొహం ఎలాగో అయినట్టు వాడి మొహమూ అవుతుంది, దానికే కదా భయం, వాడి గుండెకు కాదు భయపడింది, పొద్దున గిన్నె తుడుస్తూ ఏమీ లేదు అన్నది వాడి మొహానికి భయపడి, అద్నాన్‌ను మంచిగా పంపాలని కాదు, దుఃఖం కాదు, తనను తాను దిద్దుకుంది, అంతే, ఇది బాగా చెప్పాల్సిన మాట కాదు, వంకరగా, తడబడుతూ, ఊపిరి అందకుండా, ఎలా వస్తే అలా చెప్పాల్సిన మాట, భుజం నొక్కుకునేవాడు, మూడు వారాలు నొక్కుకున్నాడు, నేను చూశాను, అవును అని రాయి, ఇంతే, పదే మాటలు.

నంబరు నొక్కింది, ఒకసారి మోగింది, వాడు తియ్యలేదు, రెండోసారి మోగి మోగి ఆగిపోయింది, లోపల సెల్లు ఆపెయ్యమంటారేమో, క్లినిక్ కొండ అవతల వాలులో, టాక్సీకి పావుగంట, సంచులు తలుపు దగ్గరే వదిలేసి ఇంతిసార్ మెట్లు దిగడం మొదలుపెట్టింది, పదీ ముప్పై రెండు, పదకొండింటికి ఆ డాక్టరు సంతకం పెడతాడు, ముహన్నద్‌కు ఇంకా చెప్పలేదు.