ఎనిమిది టేకు స్తంభాలు

నన్ను మెచ్చుకుంటే చాలు, కరిగిపోతాను. ఈ సంగతి నాకంటే ముందు మా అత్త గోవిందమ్మ కనిపెట్టింది.

నందికొండ గురుకులంలో టీచరుగా చేరమని నాకు ఉత్తర్వు వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వద్దంటే గొడవ పడేదాన్ని, గొడవ నాకు చేతనవును. ముప్పై రోజుల్లో చేరాలి. లేకపోతే ఆ ఉద్యోగం నా తర్వాత వరుసలో ఉన్నవాళ్లకు పోతుంది. మా కేతేపల్లి నుంచి రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు, అక్కడే కిరాయికి ఇల్లు తీసుకోవాలి. అదంతా విని అత్త నా చేతిలో రంగుల కార్డు పెట్టింది.

"ఇంటికి రంగులు ఎయ్యాలె బిడ్డా. నీకున్నంత తెలివి మాకేడిది? జర నువ్వే చెప్పి పో."

"ముప్పై రోజులున్నయి గదా, ఏం తొందర?" అన్నాడు నా మొగుడు రాకేష్.

మా మామ భీమయ్య వాళ్ల తాత కట్టించిన భవంతి అది. నడుమ వాకిలి, చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలు, వాటి నిండా చెక్కిన తీగలూ పువ్వులూ. ఎవరి కాలంలో వాళ్లు డబ్బా తెచ్చి పూశారు. నీలం మీద ఆకుపచ్చ, దాని మీద మళ్లీ నీలం. తీగ ఏదో పువ్వు ఏదో తెలియకుండా పోయింది. ఈసారి గులాబీ రంగు వేయిద్దామన్నాడు మామ. నాకు ఒళ్లు మండింది.

"స్తంభాలకు రంగే వద్దు మామయ్యా. పాతదంతా గీకి కట్టె కనబడేటట్టు చేద్దాం. గోడలకు వెన్న తెలుపు, కింద మూరెడు ఎర్రటి జాజు పట్టీ. గూళ్ల లోపల మాత్రం ముదురు పసుపు."

రంగులు వేసే ఇస్రాయేలు మా ఊరివాడే, ముప్పై ఏళ్ల పనితనం. స్తంభాన్ని గోటితో గీకి చూశాడు. "చెక్కుడు పని గద హరితమ్మా, ఉరికితే పువ్వులిరుగుతయి. ఒక్క స్తంభానికి రెండు దినాలు."

"కానియ్యన్నా" అన్నాను. పిల్లలకు పాఠాలు చెప్పబోయేదాన్ని, ఎనిమిది రెళ్లు ఎంతో ఆ పూట నాకు తట్టలేదు.

మొదటి స్తంభం బయటపడ్డ రోజు నేను నిజంగానే సంబరపడ్డాను, దాచను. తేనె రంగు కట్టె మీద తీగ పైదాకా పాకింది. రాకేష్ ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. తిరుమలగిరి నుంచి ఆడబిడ్డ సుచరిత చూడటానికే వచ్చి, "మా వదినె చెయ్యి పడ్డంక ఇల్లు ఇల్లయింది" అంది. అత్త వచ్చినవాళ్లందరికీ స్తంభాల కంటే ముందు నన్ను చూపించేది.

పదహారు రోజులు స్తంభాలకే పోయాయి. ఆ పైన నాలుగు రోజులు ముసురు పట్టి పని ఆగింది. ఆ తర్వాత గూళ్లు, కిటికీలు. నేను బట్టలు సర్దుకోబోయినప్పుడల్లా అత్త కార్డు పట్టుకుని వచ్చేది. "గీ కిటికీలకేం ఏద్దాం బిడ్డా?" అడగటమే తప్ప వెళ్లొద్దని ఆపింది లేదు. నేను చెప్పేదాన్ని. చెప్పాక అది సరిగ్గా వస్తుందో లేదో చూడకుండా కదలలేకపోయేదాన్ని. నందికొండలో ఇల్లు చూశావా అంటే రాకేష్ "రంగులు కానీ" అనేవాడు. తిడితే తల వంచుకునేవాడు. తల వంచుకున్న మనిషితో ఎంతసేపని కొట్లాడతాం? రంగు వాసనకో మరి దేనికో, నాకు ఊపిరాడనట్టు ఉండేది.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున ఎవరితోనూ చెప్పకుండా సంచి పట్టుకుని బయటికి వచ్చాను. మర్నాటికల్లా నందికొండలో సంతకం పెట్టకపోతే అంతే సంగతులు.

ఇంటి ముందర అందరూ నిలబడి ఉన్నారు. ఇస్రాయేలు నిచ్చెన మీద ఉన్నాడు. పెద్ద దర్వాజ పైన గోడ మీద సుద్దతో అక్షరాలు గీశాడు: హరిత నిలయం.

"మా అవ్వ పేరు రాయలే, మీ అత్త పేరు రాయలే. గీ ఇంటి మీద ఆడమనిషి పేరు ఇదే మొదలు బిడ్డా" అన్నాడు మామ. అది నటన కాదు. నటనే అయితే నాకెంత సుఖంగా ఉండేదో. అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా చేతిలోని సంచి వైపు ఒక్కరూ చూడలేదు, ఇస్రాయేలు తప్ప.

"ఇంకా రంగు ఎయ్యలే హరితమ్మా" అన్నాడు మెల్లగా. "సుద్దనే. గుడ్డతోని తుడిస్తే పోతది."

అతనొక్కడికి అర్థమైంది.

"తుడువన్నా" అన్నాను.

అత్త చెయ్యి కళ్ల దగ్గరే ఆగిపోయింది. మామ దెబ్బ తిన్న పిల్లవాడిలా నా వైపు చూశాడు. రాకేష్ నేల చూశాడు. పోతున్నా అనే ఒక్క మాట మిగిలింది, అది నోటిదాకా వచ్చింది. ఆ ముఖాలు చూస్తూ అనడం నావల్ల కాలేదు.

"తుడిచి మళ్ల రాయి. అక్షరాలు దర్వాజకు ఆనుకున్నయి. జర పైకి జరుపు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రాకేష్ వచ్చి నా చేతిలో సంచి తీసుకున్నాడు. ఇస్రాయేలు నన్ను కాసేపు చూసి, తడిగుడ్డతో గోడ తుడిచి మళ్లీ రాశాడు. ఈసారి అక్షరాలు సరిగ్గా కుదిరాయి. అవి ఎంత బాగున్నాయో చూసి నాకు ఏడుపొచ్చింది.