మేకు మీద చెవి

ఉదయం ఏడింటికి వ్యాను వెనక తలుపు తీయగానే ముందు వాసన దిగుతుంది, తర్వాత మూటలు దిగుతాయి. ఊళ్ళో ఉన్న మూడు ఆసుపత్రుల దుప్పట్లూ ఆ లాండ్రీకే వస్తాయి. నెత్తురు, చీము, వాంతి, ఇంకా పేరు పెట్టడానికి కూడా నోరు రాని మరకలు. మూటలు విప్పే గదిలో కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం తిండి ముట్టరు. రెండో వారం బయటికెళ్ళి తింటారు. మూడో వారం ఆ మూటల పక్కనే కూర్చుని తింటారు.

రోలరక్క అక్కడ చేరి పంతొమ్మిదేళ్ళయింది. ఉతికి పిండిన దుప్పట్లని వేడి రోలర్ కిందికి పంపడం ఆమె పని. ఆ రోలర్ మనిషి నడుమంత లావు ఉంటుంది, గంటల తరబడి సెగలు కక్కుతూ తిరుగుతుంది. అది దుప్పటికీ చేతికీ తేడా చూడదు, ఏది దొరికితే దాన్ని ఇస్త్రీ చేసి అవతలికి పంపుతుంది. దుప్పటికి రెండు చివరలు కాబట్టి దాని ముందు ఇద్దరు మనుషులుండాలి. ఇవతలి చివర రోలరక్క, అవతలి చివర ఆమె సొంత చెల్లెలు.

ఇద్దరూ ఎనిమిది అంకెల్లో పని చేసేవారు. ఒకటీ రెండూ ఎత్తడానికి, మూడు దులపడానికి, నాలుగు అంచులు కలపడానికి, ఐదూ ఆరూ బెల్టు మీద పరచడానికి, ఏడు వదలడానికి. ఎనిమిదిలో ఏమీ లేదు. చేతులు వెనక్కి తీసుకుని ఊరికే నిలబడాలి, అంతే. ఈ లెక్క నేర్పింది పాత మేస్త్రీ. ఆయన సాయంత్రాలు బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు.

"కొట్టని దెబ్బని కూడా లెక్కపెట్టాలి తల్లీ," అనేవాడు. "అది మర్చిపోతే బ్యాండులో పాట పోతుంది. ఇక్కడ వేళ్ళు పోతాయి."

మూడేళ్ళ కిందట ఆయన రిటైరైనప్పుడు కుడి చెవి తీసి రోలర్ పక్క గోడకున్న మేకుకి తగిలించి వెళ్ళాడు. "ఇంటి దగ్గర మా ఆవిడ మాటలకి ఒకటి చాలు, అదే ఎక్కువ. ఇది ఇక్కడుంటే పనికొస్తుంది," అన్నాడు. అందరూ సరేనన్నారు. అంతవరకూ ఆ మేకుకి వేలాడుతున్న గొడుగుని తీసి పక్క మేకుకి మార్చారు.

పని లెక్కలో నడుస్తున్నంతసేపూ ఆ చెవి పాలిపోయి మెత్తగా వేలాడుతూ ఉండేది. ఎవరి చెయ్యి తడబడినా, ఏ మిషన్ లోపల కీచుమన్నా ఎర్రబడిపోయి మేకు మీద టపటపా కొట్టుకునేది. అప్పుడు రోలరక్క తన పక్కనున్న ఎర్ర తాడు లాగేది, రోలర్ ఆగేది. ఏం తప్పిందో చూసుకుని మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేవారు. మూడేళ్ళలో ఎవరికీ ఒక్క వేలు కూడా పోలేదు.

సోమవారం సోమవారం రోలరక్క దూదీ గోరువెచ్చటి నూనే తెచ్చి చెవిలో గుబిలి తీసేది. పచ్చగా, జిగటగా, ముసలివాసన వేస్తూ ఊడి వచ్చేది. ఆమెకి చచ్చేంత అసహ్యం. ముక్కు పక్కకి తిప్పుకుని తీసేది. అసహ్యం వేస్తోందని పని మానేస్తే ఆ లాండ్రీలో ఒక్క దుప్పటి కూడా తెల్లబడదు.

ఇలా సాగుతుండగా మేనేజరు ఎక్కడికో రెండు రోజుల శిక్షణకి వెళ్ళి, చేతిలో సన్నటి తెల్ల పుల్లతో తిరిగొచ్చాడు. మధ్యాహ్నానికల్లా ఆయనకి పుల్ల సారు అని పేరు పడిపోయింది.

"మన సంస్థ ఒక ఆర్కెస్ట్రా," అన్నాడు అందర్నీ నిలబెట్టి. "మీరందరూ వాద్యాలు. మీ శ్రుతులు కలవాలి. మీ మనసులు కలవాలి. నేను మీకు..." అని ఆగి పుల్ల పైకెత్తాడు.

మూటల గదిలోంచి వచ్చినవాళ్ళు చేతులకి అంటినవి ఆరిపోతుండగా గంటంబావు నిలబడి విన్నారు. మెత్తటి గొంతు, ప్రతి మాట చివరా చిన్న నవ్వు, పెదాల మూలల్లో తెల్లటి నురగ. సంగీతం గురించి అంతసేపు మాట్లాడిన ఆ మనిషి పుట్టాక ఒక్క పాటైనా చివరిదాకా విని ఉంటాడని నేననుకోను.

మర్నాడు గడియారం పట్టుకుని రోలర్ దగ్గరికొచ్చాడు.

"ఎనిమిదిలో ఏం చేస్తున్నారమ్మా?"

"ఏం చెయ్యట్లేదు సార్," అంది రోలరక్క.

"నేనూ అదే అంటున్నా. ఏం చెయ్యట్లేదు. మరి ఏడులో?"

"వదులుతున్నాం."

"వదలడానికి ఒక అంకె ఎందుకమ్మా? పరిచేటప్పుడే వదిలెయ్యొచ్చుగా! రోజుకి ఎన్ని దుప్పట్లు, ప్రతి దుప్పటికీ రెండంకెలు దండగ. ఎంత సంగీతం వృథా అయిపోతోందో చూశారా?"

రోలర్ వేగం తిప్పే మీట ఒక ఇనప డబ్బాలో ఉంటుంది. దాని తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. డబ్బా తెరిచి ఆరంకెలకి సరిపోయేలా తిప్పి, మళ్ళీ తాళం వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు మేకు మీద చెవి కాల్చిన ఇనుములా అయిపోయింది. రోలరక్క పదకొండుసార్లు తాడు లాగింది. పన్నెండోసారి పుల్ల సారే దిగొచ్చాడు.

"మీ నిరుత్సాహమంతా దీనికి అంటుకుంది," అంటూ జేబురుమాలుతో తమ్మె దగ్గర పట్టుకుని చెవిని మేకు మీంచి తీశాడు.

"సార్, అది ఇక్కడుంటేనే మాకు తెలుస్తుంది సార్. మా చెల్లి చెయ్యి..."

"వినడం అనేది నాయకుడి లక్షణమమ్మా. ఇకమీదట వినేది నేను."

మెట్లెక్కుతూ చెవిని ముఖానికి దూరంగా, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పైన తన బల్ల మీద, పెన్సిళ్ళ పక్కన, ఒక గాజు సీసాలో వేసి మూత పెట్టాడు. ఎవరొచ్చినా చూపించి, వినే గుణం గురించి అరగంట చెప్పేవాడు. ఆ అరగంటలో వచ్చినవాళ్ళు నోరు విప్పడానికి సందు దొరికేది కాదు.

కింద అక్కాచెల్లెళ్ళు ఆరంకెల్లో పని చేస్తున్నారు.

"అక్కా, ఆరు అయిపోయేసరికి నా చెయ్యి ఇంకా బెల్టు మీదే ఉంటోందే," అంది చెల్లెలు రెండో రోజు.

"నా మొహం చూడు. నేను కళ్ళార్పితే లాగేసుకో."

అలా అక్క కనురెప్పల మీద ఆధారపడి చెల్లెలు తొమ్మిది రోజులు తన వేళ్ళు కాపాడుకుంది. ఇంటికెళ్ళాక అక్క కళ్ళు మంటలు పుట్టి నీళ్ళు కారేవి. చెల్లెలు తడిగుడ్డ తెచ్చి వేసేది. ఇద్దరూ పుల్ల సారుని తిట్టే తిట్లు అయిపోయి, కొత్తవి కల్పించుకునేవారు.

పదో రోజు పై హాల్లో మీటింగు పెట్టాడు. ఆసుపత్రుల వాళ్ళొచ్చారు, లాండ్రీ యజమానురాలు పెద్దమ్మగారు కూడా వచ్చారు. కింద పనివాళ్ళకీ వినపడాలని రోలర్ పైన ఒక స్పీకరు బిగించారు. సరిగ్గా పదకొండింటికి పుల్ల సారు మనిషిని పంపించి రోలరక్కని పైకి పిలిపించాడు.

"నేనొస్తే ఈ చివర ఎవరు పట్టుకుంటారు సార్?" అంది ఆమె మెట్ల మీదే నిలబడి.

"మూటల గదిలోంచి ఎవర్నైనా పెట్టు. ఆరు దాకా లెక్కపెట్టడం ఎవరికి రాదు?"

"నిన్ననే చేరిన పిల్ల ఉంది సార్. దానికి తాడు ఎక్కడుందో కూడా తెలీదు."

"అమ్మా, పెద్దవాళ్ళు ఎదురు చూస్తున్నారు."

వేదిక మీద తన పక్కన నిలబెట్టి, ఆమె భుజమ్మీద పుల్ల ఆనించాడు. "ఈమె నా ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్," అన్నాడు. అందరూ నవ్వుతూ ఆమె చేతుల మీది కాలిన మచ్చల వంక చూశారు. ఎదురుగా బల్ల మీద పూలు, మంచినీళ్ళు, మధ్యలో గాజు సీసా.

ఆయన సమష్టితత్వం గురించి చెప్పాడు. సృజన గురించి చెప్పాడు. సీసాలో చెవి గులాబీ రంగుకి తిరిగింది. నమ్మకం గురించి చెప్పాడు. చెవి ఎర్రబడింది. మూత సందుల్లోంచి పచ్చటి గుబిలి పొంగి బల్లగుడ్డ మీదికి కారసాగింది. ముందు వరసలో ఒకాయన ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అదేమిటి బాబూ, అలా అయిపోతోంది?" అన్నారు పెద్దమ్మగారు.

"పొగిడితే ఎవరి చెవులైనా ఎర్రబడతాయి కదండీ!" అన్నాడు పుల్ల సారు. అందరూ మళ్ళీ నవ్వారు.

చెవి గాజుకేసి కొట్టుకోవడం మొదలెట్టింది. టక్ టక్ టక్. నాలుగు దగ్గర తడబడింది, ఐదు రెండుసార్లు పడింది, ఆరు రాలేదు. అది కింద రోలర్ దగ్గరి లెక్కేనని రోలరక్క పోల్చుకుంది. ఆమె వేదిక దిగింది. "ఇప్పుడు కాదమ్మా," అంటున్నాడు పుల్ల సారు మైకులో. ఆమె పెద్దమ్మగారి మోకాళ్ళు దాటుకుని, తలుపు తోసుకుని, మెట్ల మొదట్లో ఉన్న మెయిన్ స్విచ్ పట్టుకుని రెండు చేతులా కిందికి లాగింది.

లాండ్రీ మొత్తం ఆగిపోయింది. దీపాలు పోయాయి. ఆ నిశ్శబ్దంలో మైకు లేకుండా మాట్లాడుతున్న పుల్ల సారు గొంతు, గిన్నె అంచు మీద చెంచా గీకినట్టు, మెట్లదాకా వినిపించింది.

ఆమె చీకట్లో మెట్లు దిగి పరిగెత్తింది. రోలర్ దగ్గర కొత్త పిల్ల నోటికి చేతులడ్డం పెట్టుకుని నిలబడింది. చెల్లెలు బెల్టు మీదికి వంగిపోయి ఉంది. గ్లౌజు వేళ్ళు రోలర్ కిందికి వెళ్ళిపోయాయి. రోలరక్క చెల్లెలి ముంజేతిని పట్టుకుని లాగింది. గ్లౌజు అక్కడే ఉండిపోయి చెయ్యి బయటికొచ్చింది. ఐదు వేళ్ళు. గోళ్ళ చివర్లు కమిలాయి. అక్క ఒక్కో వేలూ ముట్టుకుని లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది.

ఇంతలో పైన ఎవరో స్విచ్ వేశారు. రోలర్ కదిలింది. గ్లౌజు లోపలికెళ్ళి అవతలి పక్కన పలచగా, నున్నగా ఇస్త్రీ అయి బయటపడింది.

"అక్కా," అంది చెల్లెలు, "దీన్ని కూడా మడత పెట్టాలా?"

అప్పుడే నెత్తిమీద స్పీకరు గరగరమంది. "ఇప్పుడు మీరు విన్నది నిశ్శబ్దం," అంటోంది ఆ మెత్తటి గొంతు. "మంచి సంగీతానికి అదే ప్రాణం. ఇది కార్యక్రమంలో భాగమే. నేనే ఏర్పాటు చేయించాను."

చప్పట్లు మోగాయి. చాలాసేపు మోగాయి. పంతొమ్మిదేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు మోసినా ఒక్కసారి కూడా కక్కుకోని రోలరక్క ఆ చప్పట్లు వింటూ మోరీ దగ్గర కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

సాయంత్రం ఆమె చేతికి కాగితం అందింది. అనుమతి లేకుండా కరెంటు ఆపినందుకు రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు. సీసా ఖాళీగా ఉందని, చెవి ఎవరు తీశారో తెలిస్తే వాళ్ళకీ ఇదే గతి అని అదే కాగితం అడుగున రాసి ఉంది.

"నువ్వు కూడా మానెయ్యవే," అంది అక్క ఇంటికొచ్చాక.

"ఇద్దరం మానేస్తే ఎలా గడుస్తుందే?"

"వేళ్ళు పోతే ఎలా గడుస్తుంది?"

చెల్లెలు పొద్దున్నే లేచి, పాత గ్లౌజుల్లో చిరుగు లేని జత వెతుక్కుంది. అక్క కూడా చెప్పులేసుకుని వెంట బయల్దేరింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెని ఆపాలో వద్దో తెలీక ఆకాశం వంక చూశాడు.

ఏడుంపావుకి పుల్ల సారొచ్చాడు. తలకి మఫ్లరు చుట్టుకున్నాడు. మొహం పీక్కుపోయింది, చేతిలో పుల్ల లేదు. వ్యాను తలుపు శబ్దానికి ఒకసారి, బకెట్టు శబ్దానికి ఒకసారి గోడ పట్టుకున్నాడు. తిన్నగా రోలర్ దగ్గరికొచ్చి మఫ్లరు విప్పాడు. కుడిపక్క ఆయన చెవికి పైన పాత మేస్త్రీ చెవి అతుక్కుని ఉంది, ముదురు ఎరుపు రంగులో, తెల్లటి వెంట్రుకలతో.

"చెవి దొరికిందన్నమాట," అన్నాడు వాచ్‌మన్.

పుల్ల సారు ఏదో చెప్పబోయాడు. "మన సం..." అన్నాడో లేదో, తన గొంతు తనకే వినపడి, నోరు మూసుకుని మోరీ దగ్గరికి పరిగెత్తాడు. నిన్న రోలరక్క కూర్చున్న చోటే కూర్చున్నాడు.

తిరిగొచ్చి జేబులోంచి తాళంచెవి తీశాడు. ఇనప డబ్బా తెరిచి మీటని వెనక్కి తిప్పాడు, తాళంచెవి రోలరక్క చేతిలో పెట్టాడు. ఆమె దుప్పటి చివర అందుకుంది. చెల్లెలు రెండో చివర అందుకుంది. ఒకటి, రెండు, మూడు. పక్కన నిలబడిన మనిషి ప్రతి అంకెకీ మొహం చిట్లించాడు. ఏడులో వదిలారు. ఎనిమిదిలో చేతులు వెనక్కి తీసుకుని నిలబడ్డారు. అప్పుడు ఆయన కళ్ళు మూసుకుని, మునిగి తేలినవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పట్నించి ఆయనకి ఊరట దొరికేది అక్కడొక్కచోటే. ఇంట్లో ఉండలేడు, మీటింగుల్లో ఉండలేడు. పొద్దున్నే వచ్చి రోలర్ పక్కన, మేకు కింద నిలబడతాడు. నెల తిరిగేసరికి పెద్దమ్మగారు పై గదికి వేరే మనిషిని పెట్టారు. ఈయన మాత్రం రావడం మానలేదు. ఊరికే నిలబడితే అడ్డమని మడతల బల్ల దగ్గర ఒక చివర పట్టుకోమంది రోలరక్క. పట్టుకుంటున్నాడు.

రోలరక్కకి ఆయన మీద జాలి లేదు. ఇస్త్రీ అయిన గ్లౌజు ఇంకా చెల్లెలి పెట్టెలోనే ఉంది. కానీ సోమవారం వచ్చింది, ఆమె దూదీ గోరువెచ్చటి నూనే తెచ్చింది.

"తల వంచండి," అంది.

ఆయన వంచాడు. ఆమె ముక్కు పక్కకి తిప్పుకుని పై చెవిలో గుబిలి తీసింది. ఎప్పటికన్నా ఎక్కువ అసహ్యం వేసింది, అయినా మూలమూలలా శుభ్రంగా తీసింది. ఆయన తలెత్తి, పెదాలు కదిపి, ఏదో చెప్పబోయాడు.

"వద్దు," అంది ఆమె దూది పారేస్తూ. "ఎనిమిది వచ్చేదాకా ఆగండి."