ఆయ్ అంటే అవును కాదు

ప్రొఫెసర్ కృపారావుకు పట్టణాల్లో పేదల ఆరోగ్యమే బతుకుతెరువు. అమలాపురంలో కాలువ గట్టు పేటలో పుట్టి, విశాఖపట్నంలో స్థిరపడి, తను పుట్టిన పేట మీదే పెద్ద సర్వే చేయించి పేరు తెచ్చుకున్నాడు. ఆ పేటలో దాదాపు అందరూ నీళ్ళు కాచి తాగుతారని ఆ సర్వే తేల్చింది.

ఇల్లిల్లూ తిరిగి అడిగినవాళ్ళు హైదరాబాదు విద్యార్థులు. "మీరు నీళ్ళు కాచే తాగుతారు కదండీ?" అని అడిగితే, "ఆయ్" అన్నారు పేటవాళ్ళు. కోనసీమలో ఆ మాటకు అవునని అర్థం ఉంది. మీరు చెబుతున్నారు, మేం వింటున్నాం అనే అర్థమూ ఉంది. గుమ్మంలోకి వచ్చినవాళ్ళ ముఖాన కాదని చెప్పడానికి అక్కడ ఎవరికీ నోరు రాదు. ఆ విద్యార్థులు అవునని రాసుకుపోయారు. ఆ మాట అంటూనే పెరిగిన కృపారావుకైనా అనుమానం రావాలి కదా, రాలేదు. అంకెలుగా మారి వచ్చేసరికి ఇంటి మాట కూడా అతనికి శాస్త్రంలాగే కనిపించింది.

పేటకు రావలసిన మంచినీళ్ళ ప్లాంటును పై అధికారులు ఆ సర్వే చూపించే వేరే చోటికి మళ్ళించారు. వానలు పడగానే పేటంతా కామెర్లు. కృపారావు అక్క ఝాన్సీ కూడా మంచం పట్టింది. కబురు తెలిసి పరుగున వచ్చాడు.

"నువ్వూ కాచే తాగుతానని చెప్పేవంటక్కా."

"ఆ పిల్ల ఎండలో పడి వచ్చింది. కాదంటే చిన్నబుచ్చుకుంటుందని ఆయ్ అన్నాను. రోజూ నీళ్ళు కాయాలంటే గ్యాసెక్కడిదిరా?"

కృపారావు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పూట అతనికి నిజంగానే ముద్ద దిగలేదు. కానీ చదువుకున్నవాడి సిగ్గు ఊరికే పోదు. కొన్నాళ్ళకే అది పెద్ద వ్యాసమై అచ్చయింది. జనం మర్యాద వల్ల సర్వేలు ఎలా తప్పుతాయో అంత బాగా ఎవరూ రాయలేదని మేధావులు మెచ్చుకున్నారు. డైరెక్టరు పదవి వచ్చింది. ప్లాంటు మాత్రం రాలేదు.

అక్కకు నయమయ్యాక, వ్యాసం పట్టుకుని చూపించడానికి వచ్చాడు. ఝాన్సీ కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా తిరగేసింది.

"ముందు కాస్తున్నామని రాసి గొప్పోడివయ్యేవు. ఇప్పుడు కాయట్లేదని రాసి ఇంకా గొప్పోడివయ్యేవు. బాగుందిరా తమ్ముడూ" అంది. "సోమవారం పేటోళ్ళమంతా ప్లాంటు కోసం మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్తన్నాం. ఆ సర్వే తప్పని నువ్వే వచ్చి నోటితో చెబితే ఇస్తామన్నారు. వస్తావా?"

"సోమవారం ఢిల్లీలో సదస్సుందక్కా."

"దేని మీద?"

"పేదల తాగునీటి మీద."

ఝాన్సీ నవ్వలేదు. "అక్కడ మీకు తాగడానికి ఏమిస్తారు?" అని అడిగింది.

"సీసా నీళ్ళక్కా" అన్నాడు కృపారావు.